ముందువరుస దిబ్బ మీద సరుగుడు నాటాలా, వద్దా?

ఉప్పుగాలి:
సముద్రానికి అన్నిటికన్నా దగ్గరగా ఉండే ముందువరుస ఇసుక దిబ్బ అలల కోతకు గురవుతుంటే సరుగుడే సరైన మందు అంటాను. వేరు బుడిపెల్లో నత్రజని చేరుతుంది కాబట్టి సారం లేని ఇసుకలోనూ ఏపుగా పెరుగుతుంది. సెనెగల్ తీరంలో 1948లో మొదలైన సరుగుడు తోటలు వెనకున్న కూరగాయల మళ్లను ఇసుక మేటల నుంచి కాపాడాయి. ఇంతకన్నా రుజువేం కావాలి?

సైకతం:
ఆ తోటలు ఆపింది గాలికి లోపలికి కదిలే ఇసుకను. మీరు చెబుతున్నది అల కోత. రెంటికీ ఒకే మందు పనిచేయదండీ.

తుఫానులో అలలు దిబ్బ పాదాన్ని కోసి, ఆ ఇసుకను తీరానికి కాస్త ఎదురుగా నీటి అడుగున మేటగా వేస్తాయి. అలలు అక్కడే విరిగి బలం తగ్గుతాయి. సముద్రం నెమ్మదించాక అదే ఇసుక ఒడ్డుకు చేరుతుంది, ఆరుతుంది, గాలికి గెంతుతూ వచ్చి మొక్కల దగ్గర ఆగుతుంది. అంటే దిబ్బ తరగడం, పెరగడం రెండూ దాని పనే. ఇసుకలో కప్పబడినకొద్దీ పైకి లేచే మొక్కలే ఈ పనికి పనికొస్తాయి: బాలబంద తీగ, రావణాసురుడి మీసాల గడ్డి. సరుగుడు కింద రాలిన పుల్లల పరుపు మందంగా పడి వీటిని మొలవనివ్వదు. పైగా పాదం కోసుకుపోతే చెట్టు వేళ్లతో సహా ఒరిగి, తనతోపాటు ఇసుకనూ లాగేస్తుంది. తాబేళ్లు గుడ్లు పెట్టే చోటు కూడా పోతుంది. ఫ్లోరిడాలో దీన్ని కలుపు చెట్టుగా నిషేధించింది ఊరికే కాదు.

దడి:
తీగ నాటేవాళ్లు ఎక్కువగా తప్పు చేసేది రెండు చోట్ల. ఒకటి, పోటు గీతకు దగ్గరగా నాటడం: మొదటి పెద్ద పోటుకే కొట్టుకుపోతుంది. రెండోది, వానలు వెళ్లాక నాటడం. మూడు నాలుగు కణుపులున్న కాడలు కోసి, రెండు కణుపులు తడి ఇసుకలో ఉండేలా, వానల మొదట్లో, సుమారు అర మీటరు ఎడంతో పాతాలి. నాటకముందే, గాలికొచ్చే ఇసుక ఆగేలా ఒక మీటరు ఎత్తు దడి కట్టండి. అందులో దాదాపు సగం ఖాళీ ఉండాలి. సందుల్లేని గోడ కడితే గాలి సుడి తిరిగి దాని పాదాన్నే తవ్వేస్తుంది. దడి మూడొంతులు పూడగానే పైన ఇంకొకటి.

ఉప్పుగాలి:
ఒప్పుకుంటాను, ముందువరుసకు తీగే మేలు. కానీ మనుషులు తొక్కితే, పశువులు మేస్తే అది నిలవదు కదా?

సైకతం:
నిలవదు. ఒక్క కాలిబాట చాలు, గాలి దాన్నే గండిగా కోస్తుంది. నేలకు ఎత్తుగా చెక్కబాట వేయాలి, అదీ వీచే గాలికి అడ్డంగా, తిన్నగా సముద్రంవైపు కాకుండా. పశువులకు కంచె తప్పదు. సరుగుడు వేయాలనుకుంటే, పెద్ద తుఫానులో అల ఎంతవరకు వచ్చిందో ఆ గీతకు వెనకే వేయండి.

దడి:
ఆ గీతకు ముందు గోడ కూడా వద్దు. గోడ కడితే ఇసుక రాకపోకలు ఆగి, ముందున్న బీచి పలచబడుతుంది.