అప్‌డేట్: మా ఇప్పలతోపు పేరు సంగతి తేలింది

బొబ్బిలి దగ్గర మా ఊళ్లో అన్నీ మామిడిచెట్లే ఉన్న తోపుని ఇప్పలతోపు అని ఎందుకంటారని పోయిన నెల అడిగాను కదా, జమీందారీ కాలం నాటి కాగితాలు చూడమన్నారు చాలామంది, థాంక్సండీ. జమీందారీలు తీసేసిన 1948 ఎస్టేట్ల రద్దు చట్టం తర్వాత రాసిన సెటిల్‌మెంట్ ఫెయిర్ అడంగల్ (ఊరి భూముల రికార్డు) తీయించాను, అందులో తోపు పోరంబోకు (తోపున్న ప్రభుత్వ భూమి) అని ఉందంతే, చెట్టు పేరే లేదు. అసలు విషయం మా మామ్మ చెప్పింది, "ఆ ఇప్పగింజలు ఆడించిన నూనెతోనే కదరా గుళ్లో దీపాలెట్టేవోరు" అని. నిన్న వెళ్లి వెతికితే గట్టు పక్కన పాత మోడు, దానికో చిన్న చిగురు, తుంపితే తెల్లటి పాలు కారాయి, ఆకు తెచ్చి మామ్మకి చూపిస్తే ఇప్పే అంది! చుట్టూ ముళ్లకంప వేసొచ్చాను, మామిడికాయలు కోసేవాళ్లకి కూడా చెప్పాలి దాన్ని తొక్కొద్దని.