ఫ్లెక్సు మీద బొడోనీ సన్నగీతలు మాయం

కొబ్బరాకు: అమలాపురంలో ఓ బట్టల కొట్టు బోర్డుకి ఇంగ్లీషు పేరు బొడోనీ మోడా అనే ఫాంట్‌లో పెట్టానండి. స్క్రీన్ మీద అదిరిపోయింది. తీరా కట్టాక రోడ్డవతల నుంచి చూస్తే 'ఎన్'లో ఏటవాలు లావు గీత ఒక్కటే మిగిలింది, నిలువుగీతలు రెండూ ఎగిరిపోయాయి! ఓనరేమో డబ్బులివ్వనంటున్నాడు.

గట్టుమీద: ఆప్టికల్ సైజు (అక్షరం ఎంత సైజులో కనబడుతుందో దాన్నిబట్టి గీతల మందం మార్చే సెట్టింగు) 96 పెట్టేసుంటారు. ఆ ఫాంట్‌లో అది 6 నుంచి 96 దాకా ఉంటుంది, పెంచేకొద్దీ సన్నగీత ఇంకా సన్నబడుతుంది. రోడ్డు మీంచి చూసేవాడికి మూడడుగుల అక్షరం కూడా చిన్నదే కదండీ, 11 దగ్గర పెట్టి చూడండి.

పాతప్రెస్సు: శుభలేఖకైతే బొడోనీయే, చేతిలో పట్టుకుని చూస్తారు. బోర్డు మీద తెలుగు పేరుకి మాత్రం రామభద్ర లాంటి లావుపాటి ఫాంట్ వెయ్యండి.

కొబ్బరాకు: 11 పెట్టి చిన్న ముక్క ప్రింటు తీశానండి, 'ఎన్' నిలబడింది. ఫ్లెక్సు ఖర్చు మాత్రం నాదే.