థాయిలాండ్ తీరం వెంట కారులో వెళ్తూ ఇల్లు చూద్దామనుకుంటున్నాం, సలహా కావాలి

మధురవాడ వాసి:
అందరికీ నమస్తే. నాకూ మా ఆవిడకీ యాభై దాటాయి, పిల్లలు సెటిల్ అయ్యారు, త్వరలో రిటైర్ అవుతున్నాం. పుట్టి పెరిగింది వైజాగ్‌లో, సముద్రం లేని ఊళ్లో మాకు ఊపిరాడదు. ఏడాదిలో కొన్ని నెలలు థాయిలాండ్‌లో ఉందామని ఎప్పట్నుంచో కోరిక. డిసెంబరులో బ్యాంకాక్‌లో కారు అద్దెకి తీసుకుని హువా హిన్, ప్రచువాప్, చుంఫోన్ మీదుగా కావో లాక్ దాకా దారిలో ఇళ్లు చూసుకుంటూ వెళ్దామని ప్లాన్. అక్కడి ఏజెంట్ ఒకాయన, నచ్చితే వెంటనే అడ్వాన్స్ ఇచ్చేయండి, స్థలంతో సహా ఇల్లు కంపెనీ పేరు మీద రాయిస్తాను అంటున్నాడు. రుషికొండలో ఫ్లాట్ కొన్నప్పుడే ఈసీ, లింక్ డాక్యుమెంట్లు అంటూ నెలల తరబడి తిరిగాం, అక్కడైతే భాష కూడా రాదు. టెన్షన్‌గా ఉంది.

గాజువాక నుంచి హువా హిన్:
మాస్టారూ, అడ్వాన్స్ మాత్రం ఇవ్వకండి. విదేశీయులు ఇక్కడ మామూలుగా భూమి కొనలేరు. కంపెనీ పేరు మీద అంటే పేరుకి థాయ్ వాటాదారుల్ని పెట్టి కొనడం, మన భాషలో బినామీ. అది నేరం, పట్టుబడితే స్థలం అమ్మేయాల్సి వస్తుంది. మీ సొంత పేరున దొరికేది కాండో ఫ్లాట్, అదీ ఆ బిల్డింగ్‌లోని ఫ్లాట్ల మొత్తం విస్తీర్ణంలో విదేశీయుల వాటా 49 శాతం దాటకుండా ఉంటేనే. విడి ఇల్లే కావాలంటే స్థలం లీజుకి తీసుకోవాలి. మూడు ముప్ఫైలు తొంభై ఏళ్లు అని చెప్తారు గానీ ల్యాండ్ ఆఫీసులో రిజిస్టరయ్యేది 30 ఏళ్లే, మిగతాది నోటిమాట కిందే లెక్క. స్థలం పత్రం మీద ఎర్ర గరుడ ముద్ర ఉందో లేదో చూడండి, దాన్ని చనోట్ అంటారు, అదే పక్కా టైటిల్. అమ్మేవాడితో సంబంధం లేని లాయర్‌ని మీరే పెట్టుకోండి.

ద్వారకానగర్ సీఏ:
డబ్బు సంగతి నేను చెప్తాను. ఎల్ఆర్ఎస్ కింద, అంటే విదేశాలకి డబ్బు పంపుకోడానికి ఆర్‌బీఐ పెట్టిన పథకం కింద, ఒక్కొక్కరు ఆర్థిక సంవత్సరానికి 2,50,000 డాలర్ల దాకా పంపొచ్చు, భార్యాభర్తలు కలిపి కొనొచ్చు. ఏడాదిలో 10 లక్షలు దాటిన మొత్తం మీద బ్యాంకు 20 శాతం టీసీఎస్, అంటే ముందస్తు పన్ను, పట్టుకుంటుంది. ఇన్‌కమ్ ట్యాక్స్ రిటర్న్‌లో అది సర్దుబాటు అవుతుంది గానీ అప్పటిదాకా చేతిలో ఆ డబ్బు ఉండదు, కాబట్టి ముందే లెక్కేసుకోండి. కాండో అయితే డబ్బు విదేశీ కరెన్సీలోనే థాయిలాండ్ చేరాలి, అక్కడి బ్యాంకు ఇచ్చే కాగితం లేకపోతే మీ పేరున రిజిస్ట్రేషన్ జరగదు. కొన్నాక ఏటా రిటర్న్‌లో విదేశీ ఆస్తులు రాసే షెడ్యూల్ ఎఫ్ఏలో చూపించడం మర్చిపోవద్దు. ఇంకో మాట, ఇల్లు కొన్నంత మాత్రాన వీసా రాదు. యాభై దాటినవాళ్ల రిటైర్మెంట్ వీసాకి థాయ్ బ్యాంకులో 8 లక్షల బాత్ డిపాజిట్ లేదా నెలకి 65 వేల బాత్ ఆదాయం చూపించాలి.

భీమిలి:
నేను ఆ దారంతా డ్రైవ్ చేశాను. మనలాగే ఎడమవైపు నడపాలి, ఆర్టీవో ఇచ్చే ఇంటర్నేషనల్ పర్మిట్ పట్టుకెళ్లండి. కానీ అన్నా, డిసెంబరులో ఇల్లు చూడొద్దు, ఆ నెలలో ఏ ఇల్లయినా బాగుంటుంది. అక్టోబరులో వెళ్లండి, తూర్పున థాయిలాండ్ గల్ఫ్ వైపు, పడమర అండమాన్ సముద్రం వైపు రెండుచోట్లా వాన ఉంటుంది. చుంఫోన్ దగ్గర నాలుగో నంబరు హైవే పడమరకి తిరిగి రనోంగ్ వెళ్తుంది, అక్కడ ఏడాదికి 4,000 మిల్లీమీటర్ల పైనే కురుస్తుంది. మన వైజాగ్‌కి దాదాపు నాలుగింతలు. ఇంట్లోకి వెళ్లగానే హాలు చూడకండి, ఏసీ బయటి యూనిట్ దగ్గరికి వెళ్లి బ్రాకెట్లు, బోల్టులు గోరుతో గీకి చూడండి. పొరలు పొరలుగా తుప్పు ఊడొస్తే కిటికీ కమ్ములూ, శ్లాబులో ఊచలూ అంతే. కొత్తగా సున్నం వేసిన గోడకి కింద అడుగు ఎత్తున వేరే రంగు గీత కనబడితే నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయో అదే చెప్తుంది. కావో లాక్‌లో 2004 సునామీకి పోలీసు పడవ ఒకటి కిలోమీటరు పైనే లోపలికి కొట్టుకొచ్చింది, ఇప్పటికీ అక్కడే ఉంచారు. అది చూశాకే సముద్రానికి ఎంత దూరంలో ఉండాలో తేల్చుకోండి. హుద్‌హుద్ చూసినవాళ్లం, మనకి వేరే చెప్పక్కర్లేదు.

మధురవాడ వాసి:
అందరికీ చాలా థాంక్స్. కంపెనీ పేరు మీద కొనే ఆలోచన మానేశాం, ఏజెంట్‌కి ఇందాకే చెప్పేశాను. అక్టోబరుకి మార్చుకుని ముందు హువా హిన్‌లో ఒక వానాకాలం అద్దెకి ఉంటాం. హైవేకి సముద్రం వైపు తీసుకోవాలా, కొండ వైపా?

గాజువాక నుంచి హువా హిన్:
కొండ వైపు అద్దెలు తక్కువ, బీచ్‌కి బండి మీద వెళ్లిపోవచ్చు. కాకపోతే గట్టి వాన పడిన మర్నాడు ఆ సందులో ఒకసారి నడిచి, నీళ్లు నిలవట్లేదని చూసుకున్నాకే అద్దె కాగితం మీద సంతకం పెట్టండి.