ఎన్నికల తెలుగులో ‘గల్లంతు’: డిపాజిట్టుకీ అదే మాట, ఓటుకీ అదే మాటా?

కాకినాడ కాజా:
అందరికీ నమస్కారం. ఎన్నికల వార్తలు చదివినప్పుడల్లా నన్ను ఒక మాట పట్టుకుంటోంది. పోలింగ్ నాడు ‘వేలాది ఓట్లు గల్లంతు’. ఫలితాల మర్నాడు ‘ఫలానా పార్టీకి డిపాజిట్ గల్లంతు’. వానాకాలంలో ‘వాగులో ఇద్దరు గల్లంతు’. వాగు సంగతి సరే, మనిషి నిజంగానే కనబడడం లేదు. డిపాజిట్ మాత్రం ఎక్కడికి పోయిందో అందరికీ తెలుసు, సర్కారు ఖజానాకి. ఓటు కూడా దానంతటది పోదు కదా? ఈ మూడింటికీ ఒకే మాట ఎలా సరిపోయింది? మీ వైపు ఏమంటారు?

పాతపుస్తకం:
గల్లంతు అంటే ముందు గోల, అల్లరి. మా అమ్మమ్మ ‘ఏవిట్రా ఆ గల్లంతు’ అని కసిరేది, ఆవిడ దృష్టిలో ఏ వస్తువూ పోలేదు. గోలలో మాట వినబడదు, సంతలో చెయ్యి వదిలిన పిల్లాడు కనబడడు, అలా ‘కనబడకుండా పోవడం’ అనే అర్థం వచ్చుంటుందని నా ఊహ. ఊహే, సాక్ష్యం అడక్కండి. డిపాజిట్టుకి ‘ధరావతు’ అనే చక్కటి మాట ఉంది. ‘ధరావతు కోల్పోయారు’ అని ఇప్పటికీ రాసేవాళ్లున్నారు. కానీ ఓడినవాణ్ని ఎకసెక్కం చేయాలంటే అది చాలదు. గల్లంతు అంటేనే రచ్చబండ దగ్గర నవ్వు పుడుతుంది.

లెక్కల మాస్టారు:
ఆ నవ్వు వెనక ఉన్న లెక్క కూడా చెప్పుకుందాం. 1951 ప్రజాప్రాతినిధ్య చట్టం 158వ సెక్షన్ ప్రకారం, ఓడిన అభ్యర్థికి చెల్లిన ఓట్లలో ఆరో వంతు దాటి రావాలి, అప్పుడే డబ్బు తిరిగొస్తుంది. దాటి అన్నది గమనించండి. 1,80,000 ఓట్లు చెల్లితే సరిగ్గా 30,000 వచ్చినవాడికి డిపాజిట్ పోయినట్టే. 30,001 వస్తే దక్కినట్టు. నోటాకి పడినవి ఈ లెక్కలోకి రావు. ఇంత కచ్చితమైన కొలతతో పోయేదాన్ని గల్లంతు అనడం నాకూ నచ్చదు. ‘జప్తు’ అనొచ్చుగా?

నల్లగొండ బిడ్డ:
మాస్టారూ, జప్తు అంటే బ్యాంకోళ్లు ఇల్లు గుంజుకున్నట్టు ఉంటది. మా జిల్లాకి ఏ మాటా సరిపోదు. 1996 లోక్‌సభ ఎన్నికల్లో నల్లగొండ నుంచి 480 మంది నిలబడ్డారు. ఫ్లోరైడ్ నీళ్లు తాగి ఎముకలు వంగిపోయిన ఊళ్లు మావి. కృష్ణా నీళ్లు కావాలని ఏళ్ల తరబడి అడిగినా వినేవాళ్లు లేకపోతే, జల సాధన సమితి జనంతో నామినేషన్లు వేయించింది. అంత బ్యాలెట్ ఎట్ల అచ్చు వేయాలో తెలియక పోలింగే వాయిదా పడింది. సీపీఐ నుంచి బొమ్మగాని ధర్మభిక్షం గెలిచారు. డిపాజిట్ దక్కింది ముగ్గురికే, మిగతా 477 మందికీ పోయింది.

అప్పుడు లోక్‌సభ డిపాజిట్ 500 రూపాయలు, ఎస్సీ, ఎస్టీలకు 250. అవి తిరిగి రావని నామినేషన్ వేసిన ప్రతి మనిషికీ తెలుసు. తెలిసే కట్టారు. ఢిల్లీ దాకా వినబడాలని కట్టారు. పాతపుస్తకం గారు చెప్పిన ‘గోల’ అర్థం చూస్తే, అసలైన గల్లంతు మా దగ్గరే జరిగింది అనిపిస్తుంది.

దానికి వచ్చిన జవాబు కూడా వినండి. అదే ఏడాది చట్టం మార్చి లోక్‌సభ డిపాజిట్‌ను 10,000 చేశారు. అంటే ఇరవై రెట్లు. స్వతంత్ర అభ్యర్థికి పదిమంది ప్రతిపాదకులు ఉండాలన్నారు. తర్వాత అది 25,000 అయింది. నీళ్ల కంటే ముందు ఈ సవరణే వచ్చింది.

కాకినాడ కాజా:
అన్నా, ఇది తెలియదు నాకు. 2019లో నిజామాబాద్ రైతులదీ ఇదే దారి కదా?

నల్లగొండ బిడ్డ:
అదే దారి, ఖరీదు పెరిగింది అంతే. 185 మంది పోటీలో ఉన్నారు, వాళ్లలో 170కి పైగా పసుపు, ఎర్రజొన్న రైతులే. పసుపు బోర్డు కావాలి, గిట్టుబాటు ధర కావాలి అన్నది వాళ్ల గొడవ. ఒక్కో పోలింగ్ కేంద్రంలో పన్నెండేసి బ్యాలెట్ యూనిట్లు (ఓటింగ్ యంత్రంలో గుర్తులూ మీటలూ ఉండే పెట్టెలు) పేర్చారు. ఓటరు తన గుర్తు వెతుక్కోవడానికే టెన్షన్ పడ్డాడు. పసుపు బోర్డు 2025 జనవరిలో నిజామాబాద్‌కి వచ్చింది. ఆ డిపాజిట్ల వల్లే వచ్చిందని నేననను, కానీ ఆ రైతుల గురించి రాసేటప్పుడు ‘గల్లంతు’ అని ఎగతాళి చేస్తే మాత్రం ఊరుకోను.

భాగ్యనగరం పిల్ల:
డిపాజిట్ గొడవ మీరు తేల్చుకోండి, నాకు మండేది రెండోది. ‘ఓట్లు గల్లంతు’. 2018 డిసెంబరులో తెలంగాణ అసెంబ్లీ పోలింగ్ రోజు బ్యాడ్మింటన్ క్రీడాకారిణి గుత్తా జ్వాల కూడా ఓటర్ల జాబితాలో తన పేరు లేదని ట్వీట్ చేశారు. పేర్లు పోయినందుకు అప్పటి రాష్ట్ర ప్రధాన ఎన్నికల అధికారి రజత్ కుమార్ క్షమాపణ కూడా చెప్పారు. మా వీధిలో ఆ రోజు ఎవరూ గల్లంతు అనలేదు. ‘నా ఓటు లేపేసిన్రు’, ‘పేరు తీసేసిన్రు’ అన్నారు. చూశారా, జనం మాటలో చేసినవాడు ఉన్నాడు. పేరు తెలియకపోయినా ‘సిన్రు’లో ఉన్నాడు. హెడ్డింగులోకి వచ్చేసరికి వాడు మాయం, ఓటు ఏదో వాగు దాటుతూ కొట్టుకుపోయినట్టు రాస్తారు.

పాతపుస్తకం:
అమ్మాయ్, నువ్వన్నది బాగుంది. మా గోదావరి వైపు ‘ఓటు కొట్టేశారు’ అంటాం. అక్కడా చేసినవాడు ఉన్నాడు.

లెక్కల మాస్టారు:
చట్టం కూడా మీ వీధివాళ్ల మాటే మాట్లాడుతుందమ్మా. పేరు తీసేయమని అడగడానికి ఫారం 7, చేర్చమనడానికి ఫారం 6. ఫారం 7 మీద అడిగినవాడి సంతకం ఉండాలి. తీసేసే ముందు ఓటరు వాదన వినాలి. 1995లో లాల్‌బాబు హుస్సేన్ కేసులో సుప్రీంకోర్టు, ఇదివరకే జాబితాలో ఉన్నవాళ్ల పేరు నోటీసు లేకుండా తీసేయడానికి వీల్లేదంది. 2025 ఆగస్టులో బిహార్ ముసాయిదా ఓటర్ల జాబితాలో దాదాపు 65 లక్షల పేర్లు లేకపోతే, ఆ పేర్లను, తీసేయడానికి కారణాలను బయటపెట్టమని అదే కోర్టు ఆదేశించింది. కారణం రాయాలంటే ‘గల్లంతు’ కుదరదు. చనిపోయారు, ఊరు మారారు, రెండుచోట్ల ఉన్నారు, ఏదో ఒకటి చెప్పాలి.

కాకినాడ కాజా:
అయితే నా మటుకు నేను ఇలా రాస్తాను: డిపాజిట్ ‘దక్కలేదు’, ఓటు ‘తీసేశారు’. పత్రికల్లో పనిచేసేవాళ్లు ఈ గ్రూపులో ఉన్నారు, ఒక్క కాలమ్ హెడ్డింగులో ‘తొలగింపు’ పట్టదా అండీ?

డెస్కు మనిషి:
పడుతుంది. కాకపోతే తొలగింపు అని పెడితే ఎవరు తొలగించారని పై నుంచి అడుగుతారు. రాత్రి పదకొండింటికి ఆ జవాబు మా దగ్గర ఉండదు. గల్లంతు పెడితే ఎవరూ అడగరు.

భాగ్యనగరం పిల్ల:
అడగాలనే కదండీ నేను చెప్పేది!