ఊరి రేడియోను కుదించడం సమంజసమేనా? బ్రిటన్ శ్రోతల చర్చ

తరంగిణి (లెస్టర్):
ఇంగ్లండులోని 39 స్థానిక స్టేషన్లలో సొంత కార్యక్రమాలను బీబీసీ 2023లో బాగా కుదించింది. పనిదినాల్లో మధ్యాహ్నం రెండు గంటల దాకానే ఆ ఊరి స్టేషన్‌లో ఆ ఊరి గొంతు వినిపిస్తుంది. ఆ తరువాత చాలాచోట్ల పొరుగు స్టేషన్లతో కలిసి పంచుకునే కార్యక్రమాలే వస్తాయి. అలా మిగిలిన డబ్బునూ మనుషులనూ ఇంటర్నెట్ వార్తలకు మళ్లిస్తున్నామని సంస్థ చెప్పింది. ఆ ఏడాది మార్చిలోనూ జూన్‌లోనూ జర్నలిస్టులు సమ్మె చేసినా నిర్ణయం వెనక్కి పోలేదు. ఇది సరైన పనేనా అన్నది నా ప్రశ్న. కాదన్నది నా అభిప్రాయం.

బీబీసీ స్థానిక రేడియో పుట్టిందే మా ఊళ్లో, 1967 నవంబరు 8న. ఉగాండా నుంచి 1972లో వెళ్లగొట్టిన భారతీయ కుటుంబాలు, కెన్యా నుంచి వచ్చినవారు ఇక్కడ స్థిరపడుతున్న రోజుల్లో, 1976లో ఈ స్టేషనే వారి కోసం సాయంత్రం పూట ఒక కార్యక్రమం మొదలుపెట్టింది. ఈనాడు దేశమంతటా వినిపిస్తున్న బీబీసీ రేడియో స్టేషన్ ఏషియన్ నెట్‌వర్క్‌కు మూలం అదే. వీధిలో కొత్తగా దిగినవారు ఎవరో, వారికి ఏం కావాలో తెలిసిన మనుషులు అదే ఊళ్లో కూర్చుని ఉండబట్టి ఆ ఆలోచన పుట్టింది. నాలుగు జిల్లాలకు ఒకే కార్యక్రమం నడిపేవారికి అలాంటి ఆలోచన ఎక్కడి నుంచి వస్తుంది?

స్వరలిపి (రెడింగ్):
తరంగిణి గారి ఆవేదన నాకు అర్థమవుతోంది, కానీ లెక్క కూడా చూడాలి. బీబీసీని నడిపించే, టీవీ ఉన్న ఇళ్లవాళ్లు ఏటా కట్టే లైసెన్సు రుసుమును ప్రభుత్వం 2022 నుంచి రెండేళ్లపాటు 159 పౌండ్ల దగ్గరే కట్టిపడేసింది, అదే సమయంలో ధరలేమో ఆకాశాన్ని అంటాయి. వినడం కూడా మారిపోయింది. రేడియో వినే మొత్తం సమయంలో డిజిటల్ మార్గాల వాటా 2018లోనే సగం దాటింది. మా అమ్మాయి ఏ కార్యక్రమాన్నీ అది ప్రసారమయ్యే వేళకు వినదు. బస్సులో వెళ్తూ బీబీసీ సౌండ్స్ యాప్‌లో తనకు కావలసినది తీసుకుంటుంది. అలాంటివారిని వదిలేసి, ఉన్న డబ్బంతా మధ్యాహ్నపు ప్రసారాల మీదే పెట్టమనడం న్యాయమా? పైగా ఈ మార్పులోనే 11 పరిశోధక వార్తా బృందాలను ఏర్పాటు చేశారు. ఊరి పాలకులను నిలదీసే వార్త వెబ్‌సైటులో వచ్చినా అది ఊరి వార్తే.

డిజిటల్ మనకు ఇచ్చినది కూడా తక్కువేమీ కాదు. 2002లో డీఏబీ (డిజిటల్ రేడియో ప్రసారం) మీద మొదలైన సంగీత స్టేషన్ సిక్స్ మ్యూజిక్‌ను 2010లో మూసేస్తామని బీబీసీ ప్రతిపాదిస్తే, శ్రోతలు పట్టుబట్టి నిలబెట్టుకున్నారు. ఎఫ్ఎమ్‌లో ఏనాడూ లేని స్టేషన్ కోసం అంతమంది కదిలారు.

గోదారిగట్టు (డర్హం కౌంటీ):
నేను కళ్లారా చూసినది చెబుతాను. 2021 నవంబరు చివర ఆర్వెన్ తుపాను వచ్చినప్పుడు దాదాపు 10 లక్షల ఇళ్లకు కరెంటు పోయింది. మాకు నాలుగు రోజులు రాలేదు. మొదటి రోజు సాయంత్రానికి ఫోన్‌లో ఛార్జింగ్ అయిపోయింది, దగ్గరలోని టవరు కూడా పనిచేయడం మానేసింది. ఇంట్లో మిగిలినది రెండు బ్యాటరీలతో నడిచే చిన్న రేడియో ఒక్కటే. దాన్ని కిటికీ గట్టు మీద పెట్టుకుని, దుప్పట్లు కప్పుకుని విన్నాం. ఏ దారికి అడ్డంగా చెట్లు పడ్డాయో, ఏ గ్రామంలో వేడి భోజనం పెడుతున్నారో మాకు చెప్పింది ఆ రేడియోనే. పక్కింటి పెద్దావిడ కూడా మా వంటింట్లోకి వచ్చి కూర్చున్నారు.

ఇంకొక్క మాట. బీబీసీ రేడియోలో గంట పూర్తయ్యే వేళ వచ్చే ఆరు పిప్‌లను, అంటే పొట్టి బీప్ శబ్దాలను, 1924 నుంచి దేశం గడియారానికి గుర్తుగా పెట్టుకుంది. మా ఇంట్లో మూడు సాధనాలు ఒకేసారి పెడితే ఎఫ్ఎమ్‌లో ముందు వస్తాయి, రెండు మూడు సెకన్ల తరువాత డీఏబీలో వస్తాయి, ఆ తరువాత చాలాసేపటికి ఫోన్‌లో వస్తాయి. ఫోన్‌ను నమ్ముకుని గడియారం సరిచేసుకునే వీలు లేదు.

స్వరలిపి (రెడింగ్):
గోదారిగట్టు గారూ, మీరు చెప్పినదానికి నా దగ్గర జవాబు లేదు. ఎఫ్ఎమ్ ఉండాలనే నేనూ అంటాను, ప్రభుత్వం కోరగా జరిగిన సమీక్ష కూడా దాన్ని కనీసం 2030 వరకు కొనసాగించాలని 2021లో చెప్పింది. నార్వే 2017లో తన జాతీయ స్టేషన్లను ఎఫ్ఎమ్ నుంచి తప్పించినట్టు మనం తొందరపడకూడదు. అయితే తరంగాన్ని ఉంచడం వేరు, దాని మీద మధ్యాహ్నం మూడు గంటలకు ఎవరు మాట్లాడాలన్నది వేరు. తుపాను వంటి సమయాల్లో స్థానిక ప్రసారం తిరిగి మొదలుపెట్టే వీలు బీబీసీ ఉంచుకుంది.

తరంగిణి (లెస్టర్):
ఆ రెండూ వేరు అన్న మాటనే నేను ఒప్పుకోలేను. తుపాను రాత్రి మైకు ముందు కూర్చునే మనిషికి ఆ దారులు, ఆ గ్రామాల పేర్లు, ఫోన్ చేస్తే మాట్లాడే కౌన్సిలరు ముందే తెలిసి ఉండాలి. ఆ పరిచయం రోజూ చేసే మామూలు కార్యక్రమంలోనే పెరుగుతుంది, తప్పిపోయిన కుక్క గురించో, సంతలో కూరగాయల ధర గురించో మాట్లాడే గంటల్లో. ఆ గంటలు తీసేసి, ఆపద వచ్చిన నాడు మాత్రం ఊరిని పలకరించమంటే కుదరదు.

వాణిజ్య స్టేషన్లు ఈ ఖాళీని పూరిస్తాయనుకోవడానికీ లేదు. 2019లో గ్లోబల్ సంస్థ క్యాపిటల్, హార్ట్ స్టేషన్లలో ఊరూరా ఉండే ఉదయపు కార్యక్రమాలను లండన్ నుంచి వచ్చే ఒక్కదానితో భర్తీ చేసింది. 2020 సెప్టెంబరులో బావర్ సంస్థ పదుల కొద్దీ స్థానిక స్టేషన్లను గ్రేటెస్ట్ హిట్స్ రేడియో పేరు కిందకు తెచ్చింది. దశాబ్దాలుగా ఊరివాళ్ల నోట నలిగిన పేర్లు అలా పోయాయి. కార్యక్రమాలు స్థానికంగానే తయారు చేయాలన్న నిబంధనను 2024 మీడియా చట్టం తొలగించింది, స్థానిక వార్తల బాధ్యతను మాత్రం ఉంచింది. అంటే వాణిజ్య రంగం తప్పుకుంటున్న సమయంలోనే, లైసెన్సు డబ్బుతో నడిచే సంస్థ కూడా తప్పుకుంటోంది. నాకు అన్నింటికన్నా బాధ కలిగించేది ఇదే. సామాజిక రేడియోలు ఎంతో శ్రమిస్తున్నాయి, కానీ స్వచ్ఛంద సేవకులతో, చిన్న ట్రాన్స్‌మిటర్లతో అవి ఒక కౌంటీ భారం మోయలేవు.

స్వరలిపి గారి అమ్మాయి యాప్‌లో వినడం మానాలని నేను అనడం లేదు. ఆమె వినే కార్యక్రమంలో రెడింగ్ ఉండాలంటే రెడింగ్‌లో ఎవరో ఒకరు దాన్ని తయారు చేయాలి కదా అంటున్నాను. నేను అడిగేది ఒక్కటే. మధ్యాహ్నం రెండు నుంచి ఆరు వరకు, అంటే పిల్లలు బడి నుంచి వచ్చే వేళ, దారులన్నీ కిక్కిరిసే వేళ, ఆ నాలుగు గంటలు 39 స్టేషన్లకూ తిరిగి ఇవ్వాలి. రాత్రిళ్లు, ఆదివారాలు పంచుకుంటామంటే నేను వాదించను.