విదేశీ ప్రయాణానికి ఏ పరికరాలు, ఏ చార్జర్లు వెంట ఉంచుకోవాలి?

సంచారి:

నేను, నా భార్య కలిసి త్వరలో కొన్ని వారాల పాటు మూడు నాలుగు దేశాలు తిరిగి రావాలనుకుంటున్నాం. ప్రయాణం కొంత విమానాల్లో, ఎక్కువ భాగం రైళ్లలో సాగుతుంది. మనిషికి ఒక భుజం సంచి, ఒక చక్రాల పెట్టె, అంతకు మించి మోయకూడదని నిర్ణయించుకున్నాం. బట్టల సంగతి తేలిపోయింది గానీ, ఎలక్ట్రానిక్ వస్తువుల దగ్గరికి వచ్చేసరికి లెక్క తెగడం లేదు.

ఇద్దరికీ ఫోన్లు, ఇయర్‌బడ్స్ ఉన్నాయి. మధ్యమధ్య ఆఫీసు పని చూసుకోవాలి కాబట్టి నాకు లాప్‌టాప్ తప్పదు. ఆమెకు కెమెరా, స్మార్ట్ వాచీ ఉన్నాయి. వీటికి తోడు ఒక ఈ-రీడర్, ఒక ట్యాబ్లెట్, నా గడ్డం ట్రిమ్మర్, 20,000 ఎంఏహెచ్ పవర్ బ్యాంక్. ప్రతిదానికీ దానితో వచ్చిన చార్జర్ ఉండటంతో, అన్నిటినీ మంచం మీద పరిచి చూస్తే పరికరాల కన్నా చార్జర్ల మూటే పెద్దదిగా కనిపిస్తోంది. వీటిలో ఏవి ఇంట్లో వదిలేయవచ్చు? అన్నిటికీ ఒకే చార్జర్ సరిపోతుందా? పవర్ బ్యాంక్‌ను విమానంలోకి అనుమతిస్తారా? అనుభవం ఉన్నవారు వివరంగా చెప్పగలరు.

తీగలమూట:

సంచారి గారూ, వస్తువుల జాబితాతో మొదలుపెట్టకుండా, రాత్రి బసకు చేరాక తెల్లవారేలోపు ఏవేవి తప్పనిసరిగా నిండాలో ముందు రాసుకోండి. మీ ఫోన్లు రెండూ ప్రతి రాత్రీ నిండాలి. వాచీ దాదాపు ప్రతి రాత్రీ, కెమెరా బ్యాటరీ బాగా తిరిగిన రోజున, లాప్‌టాప్ పని ఉన్న రోజున మాత్రమే చార్జింగ్ అడుగుతాయి. ఈ-రీడర్‌ను ఒకసారి నింపితే వారాల తరబడి దాని ఊసే ఎత్తనక్కరలేదు. అంటే ఒకేసారి కరెంటు కావలసినవి నాలుగుకు మించవు. మీ చార్జర్ల సంఖ్యను నిర్ణయించవలసింది ఈ నాలుగే తప్ప మంచం మీద పరిచిన డజను వస్తువులు కావు. ఇక ట్యాబ్లెట్ విషయానికి వస్తే, చదవడానికి ఈ-రీడర్, పనికి లాప్‌టాప్, మిగతా అన్నిటికీ ఫోన్ ఉన్నప్పుడు దానికంటూ ప్రత్యేకమైన పని ఏదీ మిగలదు కాబట్టి, నా మట్టుకు నేనైతే దాన్ని ఇంట్లోనే ఉంచుతాను.

చార్జర్ కొనేముందు మీ లాప్‌టాప్ చార్జర్ మీద సన్నని అక్షరాలతో అచ్చువేసిన వివరాలు చదవండి. ‘అవుట్‌పుట్’ అన్నచోట 20 వోల్టులు, 3.25 ఆంపియర్లు అని ఉంటే, రెండూ గుణించగా 65 వాట్లు. లాప్‌టాప్ యూఎస్‌బి-సి ద్వారా చార్జ్ అయ్యే రకమైతే, పవర్ డెలివరీ (ఎంత శక్తి కావాలో పరికరం, చార్జర్ తమలో తాము తేల్చుకునే) పద్ధతిని అనుసరించే 65 వాట్ల చార్జర్ ఒక్కటే దానికీ, ఫోన్లకూ సరిపోతుంది. గాలియం నైట్రైడ్ అనే అర్ధవాహక పదార్థం వాడి తయారుచేసినవి పాత సిలికాన్ చార్జర్ల కన్నా చిన్నగా ఉండి, తక్కువ వేడెక్కుతాయి. అయితే పెట్టె మీద వేసిన 65 అన్న అంకె ఒక్క రంధ్రాన్నే (పోర్టునే) వాడినప్పటి మాట. రెండోది కూడా వాడితే చాలా చార్జర్లు ఆ శక్తిని 45, 20గా పంచుతాయి; మూడోది తగిలిస్తే ఇంకా తగ్గుతుంది. పైగా కొత్త పరికరం తగిలించిన ప్రతిసారీ చార్జర్ మళ్లీ లెక్క సరిచూసుకుంటుంది కాబట్టి, అప్పటికే చార్జ్ అవుతున్నవి ఒక క్షణం ఆగి తిరిగి మొదలవుతాయి. అది చెడిపోయిందని కంగారుపడనవసరం లేదు.

చార్జర్ ఎంత శక్తిమంతమైనదైనా కేబుల్ సరైనది కాకపోతే ఫలితం ఉండదు. మామూలు సి-టు-సి (రెండు కొసలా యూఎస్‌బి-సి ఉన్న) కేబుల్ 3 ఆంపియర్లకు, అంటే 20 వోల్టుల వద్ద 60 వాట్లకు పరిమితం. అంతకు మించి కావాలంటే 5 ఆంపియర్లు మోయగలనని చార్జర్‌కు తెలియజేసే చిన్న చిప్ లోపల ఉన్న కేబుల్ కావాలి. ఇటువంటిది ఒకటి లాప్‌టాప్‌కు, సాధారణమైనవి రెండు ఫోన్లకు ఉంటే చాలు. కొన్ని ఫోన్లు తమ కంపెనీ చార్జర్‌తో మాత్రమే మెరుపు వేగం చూపి, ఇతర చార్జర్లతో నెమ్మదిస్తాయి గానీ, రాత్రంతా తగిలించి ఉంచేవారికి ఆ తేడాతో పనిలేదు.

ఒక్క చిక్కును మాత్రం తప్పక పరీక్షించి చూసుకోండి. చవకరకం ఇయర్‌బడ్స్, ట్రిమ్మర్లు, టార్చిలైట్లలో కొన్నిటికి సి రంధ్రం ఉన్నా, సి-టు-సి కేబుల్ తగిలిస్తే ఉలుకూ పలుకూ ఉండదు. తనకు కరెంటు కావాలని చార్జర్‌కు తెలియజేయడానికి ఆ రంధ్రం వెనుక ఉండవలసిన 5.1 కిలో-ఓమ్ నిరోధకాలను (రెసిస్టర్లను) తయారీదారు పొదుపు కోసం వదిలేయడమే దీనికి సాధారణ కారణం. అదే పరికరం ఒక కొస పాతరకం వెడల్పాటి యూఎస్‌బి-ఏ, రెండో కొస సి ఉన్న ఏ-టు-సి కేబుల్‌తో చక్కగా చార్జ్ అవుతుంది. అందువల్ల ఒక యూఎస్‌బి-ఏ రంధ్రం కూడా ఉన్న చార్జర్‌ను ఎంచుకుని, ఏ-టు-సి కేబుల్ ఒకటి వెంట ఉంచుకోండి. వాచీకి దాని అయస్కాంతపు చార్జర్ తప్ప ప్రత్యామ్నాయం దొరకడం కష్టం కాబట్టి, సంచిలో ముందు దాన్నే పెట్టండి. దాని రెండో కొస ఏ రకమో కూడా చూసుకోండి.

గాలిపటం:

పవర్ బ్యాంక్ గురించి రాస్తున్నాను. విమానయాన సంస్థలు చూసేది ఎంఏహెచ్‌ను కాదు, వాట్-అవర్లను, అంటే బ్యాటరీలో దాచిన మొత్తం శక్తిని. సామర్థ్యాన్ని 3.7 వోల్టులతో గుణించి వెయ్యితో భాగిస్తే ఆ లెక్క వస్తుంది; మీ 20,000 ఎంఏహెచ్ పవర్ బ్యాంక్ 74 వాట్-అవర్లు. సాధారణంగా 100 వరకు ముందస్తు అనుమతి అక్కరలేదు, 100 నుంచి 160 వరకు సంస్థ అనుమతి కావాలి, ఆపైన అనుమతించరు. కాబట్టి మీది పరిమితిలోనే ఉంది. అయితే ఈ అంకె దాని ఒంటి మీద చదవడానికి వీలుగా ఉండాలి. అక్షరాలు అరిగిపోయిన పాత పవర్ బ్యాంక్‌ను తనిఖీ దగ్గర ఆపేసే అవకాశం ఉంది.

పవర్ బ్యాంక్‌ను, కెమెరా అదనపు బ్యాటరీలను కార్గోలోకి పంపే లగేజీలో పెట్టకూడదు. లిథియం బ్యాటరీ అంటుకుంటే క్యాబిన్‌లో సిబ్బంది వెంటనే గమనించి చర్య తీసుకోగలరు, కింద కార్గో అరలో అయితే ఎవరూ చేరుకోలేరు. ఇక్కడ చాలామందికి తట్టని విషయం ఒకటుంది. పై అరల్లో చోటు లేదని విమానం గుమ్మం దగ్గర చక్రాల పెట్టెను తీసుకుని కిందికి పంపేయడం మామూలే. ఆ తొందరలో పవర్ బ్యాంక్ అందులోనే ఉండిపోతుంది. అందుకే దాన్ని మొదటి నుంచీ భుజం సంచిలోనే ఉంచాలి. విడి బ్యాటరీల లోహపు కొసలు తాళంచెవులకో నాణేలకో తగలకుండా ప్లాస్టిక్ డబ్బీలో పెట్టడమో, టేపు అంటించడమో చేయండి.

2025లో ఈ నిబంధనలు మరింత బిగిశాయి. ఆ ఏడాది జూన్ 28 నుంచి చైనా దేశీయ విమానాల్లో 3సి (చైనా తప్పనిసరి ధ్రువీకరణ) ముద్ర లేని పవర్ బ్యాంకులను అనుమతించడం మానేశారు. అక్టోబర్ 1 నుంచి ఎమిరేట్స్ సంస్థ ప్రయాణంలో వాటి వాడకాన్నే నిషేధించింది. కాబట్టి మీరు ఎక్కబోయే ప్రతి సంస్థ నియమాలనూ బయలుదేరే వారంలో మరోసారి చదవండి. ఇక 5,000 ఎంఏహెచ్ ఫోన్‌ను 20,000 ఎంఏహెచ్ పవర్ బ్యాంక్ నాలుగుసార్లు నింపుతుందని లెక్కేసుకోకండి. వోల్టేజీ మార్పిడిలోనూ, వేడి రూపంలోనూ పోయేది పోగా మూడుసార్లు నింపితే అది సవ్యంగా పనిచేస్తున్నట్టే.

పాతబాట:

తీగలమూట గారి వివరణ బాగుంది గానీ, ఇద్దరు మనుషులు వారాల తరబడి ఒకే చార్జర్ మీద ఆధారపడటాన్ని నేను ఒప్పుకోలేను. అది చెడినా, ఏదో బసలో గోడకే మరిచిపోయినా ఫోన్లు, వాచీ, కెమెరా, లాప్‌టాప్ ఒక్కసారే మూలపడతాయి. టికెట్లు, పటాలు, బస వివరాలు అన్నీ ఫోన్‌లోనే ఉండే ఈ రోజుల్లో అది చిన్న ఇబ్బంది కాదు. 65 వాట్ల చార్జర్ మీ సంచిలో, 30 వాట్ల చిన్నది ఆమె సంచిలో పెట్టండి. ఆ చిన్నది ఫోన్‌కు దండిగా సరిపోతుంది, అవసరమైతే చాలా లాప్‌టాప్‌లను రాత్రంతా నెమ్మదిగా నింపుతుంది కూడా. ఒక కేబుల్ మాత్రం రెండు మీటర్లది తీసుకోండి. సాకెట్ ఎప్పుడూ మంచానికి ఎదురుగోడ మీదే ఉంటుంది.

సంచారి:

ముగ్గురికీ ధన్యవాదాలు. ట్యాబ్లెట్ పక్కన పెట్టేశాం, రెండు చార్జర్ల సలహా ఆమెకు బాగా నచ్చింది. ఇంకొక్క సందేహం మిగిలింది. అన్ని దేశాల సాకెట్లకూ పనికొచ్చే యూనివర్సల్ అడాప్టర్ ఒకటి కొంటే, ఇంట్లో ఉన్న 230 వోల్టుల హెయిర్ డ్రయ్యర్‌ను కూడా దాని ద్వారా వాడుకోవచ్చా? మా దారిలో బ్రిటన్, స్విట్జర్లాండ్, జపాన్ ఉన్నాయి.

తీగలమూట:

అడాప్టర్ పిన్నుల ఆకారాన్ని మాత్రమే కలుపుతుంది, వోల్టేజీని మార్చదు. మీ చార్జర్ల మీద ‘ఇన్‌పుట్’ అన్నచోట 100–240 వోల్టులు, 50/60 హెర్ట్జ్ అని ఉంటే వాటిని ఏ దేశంలోనైనా నిశ్చింతగా వాడవచ్చు. డ్రయ్యర్ మీద 230 అని మాత్రమే ఉంటే, బ్రిటన్, స్విట్జర్లాండ్‌లలో వోల్టేజీ అదే కాబట్టి పేచీ లేదు. జపాన్‌లో 100 వోల్టులే ఉంటాయి కనుక అక్కడ దాని శక్తి ఐదో వంతుకు పడిపోయి, తిరిగినా తడి ఆరదు. తక్కువ వోల్టేజీకి తయారుచేసిన దాన్ని 230లో పెడితే మాత్రం మాడిపోతుంది. పైగా డ్రయ్యర్ లాగేంత కరెంటును చిన్నపాటి యూనివర్సల్ అడాప్టర్లలో చాలావరకు మోయలేవు. దిగబోయే చోట డ్రయ్యర్ ఉందేమో ముందే కనుక్కుని, మీది ఇంట్లోనే వదిలేయడం మేలు.

వెళ్లే దేశాలు ముందే తెలుసు కాబట్టి నేనైతే యూనివర్సల్ అడాప్టర్ కొనను. ఆ బరువైన దిమ్మ గోడ సాకెట్‌లోంచి జారుతుంటుంది, స్విట్జర్లాండ్‌లోని లోతైన ఆరు పలకల సాకెట్‌లో చాలాసార్లు కూర్చోదు కూడా. బ్రిటన్‌కు మూడు దీర్ఘచతురస్రపు పిన్నులది, జపాన్‌కు రెండు బల్లపరుపు పిన్నులది, స్విట్జర్లాండ్‌కు సన్నని రెండు గుండ్రని పిన్నులది చొప్పున తీసుకోండి. చార్జర్లు రెండు కాబట్టి ప్రతి రకంలోనూ రెండేసి ఉండాలి. మీ లాప్‌టాప్ సొంత చార్జర్‌కు ఎర్త్ పిన్ను ఉంటే అది ఈ రెండు పిన్నుల వాటిలో పట్టదు, అయితే యూఎస్‌బి-సి చార్జర్‌కు మారాక దాన్ని ఎలాగూ తీసుకెళ్లరు. ట్రిమ్మర్‌ను బయలుదేరే ముందు రాత్రి పూర్తిగా నింపి, పెట్టెలో దానంతట అది తిరగకుండా లాక్ ఉంటే వేసి పెట్టండి. వారాల మధ్యలో మళ్లీ నింపవలసి వస్తే ఆ ఏ-టు-సి కేబుల్‌తో పని జరుగుతుందో లేదో ఈలోపే ఒకసారి తగిలించి చూడండి.