బాబ్ విల్స్ లేకుండా టామీ డంకన్ నిలబడలేకపోయాడా?

పాతరికార్డు:
వెస్టర్న్ స్వింగ్ గురించి తెలియనివారికి ముందు రెండు ముక్కలు. 1930లలో టెక్సస్, ఓక్లహోమా నృత్యశాలల్లో పుట్టిన సంగీతం ఇది. ఫిడేలు, స్టీల్ గిటారు పక్కన డ్రమ్ములు, ట్రంపెట్లు చేర్చి పల్లెపాటను జాజ్ లయలో నడిపించారు. దీనికి పెద్దదిక్కు బాబ్ విల్స్. ఆయన టెక్సస్ ప్లేబాయ్స్ బృందంలో, సైన్యంలో ఉన్న కాలం మినహా, 1933 నుంచి 1948 దాకా ప్రధాన గాయకుడు టామీ డంకన్.

1948లో విల్స్ పొమ్మన్నాడు. డంకన్ వెస్టర్న్ ఆల్ స్టార్స్ అని సొంత బృందం పెట్టుకున్నాడు. కాపిటల్ కంపెనీ రికార్డులు వేసింది. అంతా చేస్తే పల్లెపాటల (కంట్రీ) జాతీయ పట్టికలో మొదటి పదిలోకి వచ్చింది ఒకే ఒక్క పాట: 'గ్యాంబ్లిన్ పోల్కా డాట్ బ్లూస్', 1949లో 8వ స్థానం. అదీ జిమ్మీ రోజర్స్ ఎప్పుడో పాడేసిన పాట. అంతకాలం జనం నోళ్లలో నానిన గొంతుకు ఇంతేనా? నా మాట సూటిగా చెబుతాను. డంకన్ మంచి గాయకుడే, కానీ అతన్ని నిలబెట్టింది విల్స్ బృందం. కాదనేవారు ఆధారాలతో రండి.

మధ్యాహ్న రేడియో:
ఆధారాలు కావాలన్నారు కాబట్టి మీ లెక్కనే తిరగేద్దాం. డంకన్ వెళ్లిపోయాక విల్స్ ఏం సాధించాడు? 1950లో 'ఐడా రెడ్ లైక్స్ ద బూగీ', 'ఫేడెడ్ లవ్' మొదటి పదిలోకి వచ్చాయి. ఆ తర్వాత పదేళ్లపాటు అక్కడ ఆయన పేరే లేదు. మళ్లీ వచ్చింది 1960లో, 'హార్ట్ టు హార్ట్ టాక్' పాటతో, 5వ స్థానంలో. ఆ రికార్డు మీద పాడిందెవరు? తిరిగొచ్చిన టామీ డంకన్! డంకన్ లేని విల్స్ కూడా పదేళ్లు పస్తున్నాడన్న సంగతి మీ లెక్కలో ఎందుకు రాలేదు?

ఇంకొకటి. 1948 జనవరి నుంచి డిసెంబరు మధ్య దాకా అమెరికా వాద్యకారుల సంఘం రికార్డింగులను నిషేధించింది. డంకన్ బయటికి వచ్చింది సరిగ్గా ఆ ఏడాదిలోనే. నిషేధం తొలగేసరికి గాలి మారిపోయింది. 1949లో 'లవ్‌సిక్ బ్లూస్'తో హ్యాంక్ విలియమ్స్ జ్యూక్‌బాక్సులను ఊపేశాడు. నలుగురైదుగురితో చిన్న బృందం, కన్నీళ్ల పాట. పదిమందికి జీతాలిచ్చి ఊరూరా తిప్పే నృత్యబృందాలకు ఆ రోజుల్లో గిట్టుబాటు ఎక్కడిది? నష్టం కాలం తెచ్చింది, గొంతు కాదు.

పాతరికార్డు:
కాలం అందరికీ ఒకటే కదా. విల్స్‌కు కనీసం 'ఫేడెడ్ లవ్' దక్కింది, అది ఈ రోజుకూ పాడుతున్నారు. డంకన్ విడిగా పాడినవాటిలో అలాంటిది ఒక్కటి చెప్పండి.

ఇర్వింగ్ నుంచి:
నేను ఉండేది డల్లాస్ పక్కనే. 1935లో ప్లేబాయ్స్ తొలి రికార్డింగులు జరిగింది డల్లాస్‌లోనే. ఇక్కడి తెలుగువాళ్లలో ఈ సంగీతం గురించి మాట్లాడేవారు నాకు ఎక్కువమంది తగల్లేదు, అందుకే ఈ చర్చ చూసి ఆగలేకపోయాను.

పట్టికలు కాసేపు పక్కన పెట్టి పాట వినండి. 'శాన్ ఆంటోనియో రోజ్' 1938లో మాటల్లేని వాద్యగీతం. 1940లో దానికి సాహిత్యం చేర్చి, 'న్యూ శాన్ ఆంటోనియో రోజ్' పేరుతో మళ్లీ రికార్డు చేశారు. ఫిడేళ్లు వెనక్కి తగ్గాయి, ట్రంపెట్లు, శాక్సఫోన్లు ముందుకొచ్చాయి. అంత ఇత్తడి మోత మధ్య డంకన్ గొంతు పెంచడు. మంద్రంగా, ఎదురుగా కూర్చున్న మనిషితో మాట్లాడుతున్నట్టు పాడతాడు, ఒక్క మాట కూడా మింగడు. పాట మధ్యలో విల్స్ 'ఆహా' అని కేక పెడతాడు, ఏదో ఒకటి అంటాడు. వేరే గాయకుడైతే లయ తప్పుతాడు, లేకపోతే నవ్వేస్తాడు. డంకన్ వినిపించుకోనట్టే సాగిపోతాడు. ఆ అల్లరికి అర్థం వచ్చిందే ఈ నిబ్బరం వల్ల. కాబట్టి ఎవరు ఎవరిని నిలబెట్టారన్న ప్రశ్నే నాకు సరిగా అనిపించదు. విల్స్ కేకలు తీసేస్తే డంకన్ కాస్త చప్పగా ఉంటాడు, ఒప్పుకుంటాను. డంకన్‌ను తీసేస్తే ఆ కేకలు ఉత్త గోల.

స్వరలత:
'ఉత్త గోల' అనడం అన్యాయం. నాకు ఆ కేకల కోసమే వినాలనిపిస్తుంది :)

అయినా మన సినిమా పాటల కొలతతో దీన్ని కొలుస్తున్నామేమో. మన దగ్గర సంగీత దర్శకుడు పాటకొక గాయకుణ్ణి పిలుస్తాడు, పాడి వెళ్లిపోతారు. ఇక్కడ గాయకుడు బృందంలో ఒకడు, రాత్రి నృత్యశాల, మధ్యాహ్నం టల్సాలో కేవీఓఓ రేడియో, మధ్యలో బస్సు. విల్స్ తాగి కార్యక్రమాలకు రాకపోతే గుమిగూడిన జనానికి సమాధానం చెప్పుకోవలసి వచ్చింది డంకనే. ఆ విసుగు బయటపడినందుకే ఉద్యోగం పోయిందని చెబుతారు. ఇన్ని మోసినవాణ్ణి ఉత్త గాయకుడిగా లెక్కకట్టడం నాకు నచ్చలేదు.

మధ్యాహ్న రేడియో:
ఉత్త గాయకుడు కూడా కాదు, రచయిత. 1946లో 16 వారాలు అగ్రస్థానంలో కూర్చున్న 'న్యూ స్పానిష్ టూ స్టెప్' మీద రచయితలుగా విల్స్, డంకన్ ఇద్దరి పేర్లూ ఉన్నాయి. 'స్టే ఎ లిటిల్ లాంగర్' మీదా అంతే. 'బబుల్స్ ఇన్ మై బీర్' మీద సిండీ వాకర్‌తో పాటు ఇద్దరూ ఉన్నారు. 'న్యూ శాన్ ఆంటోనియో రోజ్' మీద మాత్రం విల్స్ పేరొక్కటే, ఆ మాటల్లో డంకన్ చెయ్యి ఉందని చాలామంది అంటున్నా. ఇక 1940 నాటి 'టైమ్ చేంజెస్ ఎవ్రీథింగ్' పూర్తిగా డంకన్ రాసిందే. ప్రేమ చెడిపోయినవాడు ఏడవడు, శపించడు, కాలం గడిచింది, నీ దారి నీది నా దారి నాది అంటాడు. తర్వాత జానీ క్యాష్ పాడాడు, మెర్ల్ హ్యాగర్డ్ పాడాడు. హ్యాగర్డ్ దాన్ని పాడింది 1970లో విల్స్‌కు నివాళిగా చేసిన ఆల్బమ్‌లో! డంకన్ పాట విల్స్ ఖాతాలో పడటానికి ఇంతకన్నా సాక్ష్యం కావాలా?

పాతరికార్డు:
రచయితగా గొప్పవాడని నేను కాదనలేదు, నా ప్రశ్న గాయకుడి గురించి. 1953లో ఇంట్రో కంపెనీకి మిల్లర్ బ్రదర్స్ బృందంతో 'హౌండ్ డాగ్' పాడాడు డంకన్. ఆ పాటను మొదట పాడిన బిగ్ మామా థార్న్‌టన్ రికార్డు వచ్చిన ఏడాదే, ఎల్విస్ కన్నా మూడేళ్ల ముందు. పాట ఎంత బలమైనదో తర్వాత లోకం చూసింది. చేతికందిన పాటను అతను ఎందుకు పేల్చలేకపోయాడు? నిబ్బరం అని ఇర్వింగ్ మిత్రులు మెచ్చుకున్న గుణమే అక్కడ అడ్డుపడింది. ఆ పాటకు కావలసింది కోపం. అతనికి కేక పెట్టేవాడు పక్కన ఉండాలి. నేను మొదటి నుంచీ అంటున్నది ఇదే.

ఇర్వింగ్ నుంచి:
అది చిన్న కంపెనీ, పంపిణీ లేదు, దాన్ని గొంతు మీదికి నెట్టకండి. ఇక పక్కన ఉండాలన్న మాటకొస్తే, 1961లో లిబర్టీ కంపెనీ వాళ్లిద్దరి ఆల్బమ్‌కు 'మిస్టర్ వర్డ్స్ అండ్ మిస్టర్ మ్యూజిక్' అని పేరు పెట్టింది. మాటలాయన అంటే డంకనే, ఆయన పేరు ముందుంది. అమ్ముకునే కంపెనీకి తెలిసిన లెక్క మనకెందుకు తెలియకూడదు?

స్వరలత:
అమ్ముకునే కంపెనీ పెట్టిన పేరును సాక్ష్యంగా తెచ్చారా! ఆ ఆల్బమ్ వచ్చేనాటికి ఇద్దరూ యాభై దాటినవారో, దాటబోతున్నవారో. ఆ వయసు పాటల్ని బట్టి ఎవరి వైపూ తీర్పు చెప్పలేం. వినవలసినవి 1946, 47లలో శాన్ ఫ్రాన్సిస్కో ప్రాంతంలో రేడియో స్టేషన్ల కోసం చేసిన టిఫనీ రికార్డింగులు. స్టూడియో పెద్దల కాపలా లేదు, బృందం చిన్నది, జూనియర్ బార్నార్డ్ గిటారు గరుకుగా మోగుతుంది. పాతరికార్డు గారూ, డంకన్‌కు కోపం రాదంటున్నారు కదా, వాటిలో ఓ పది పాటలు విని వచ్చి ఆ మాట అనండి.

పాతరికార్డు:
వింటాను. వాటిలోనూ కేక పెట్టేది విల్సే మరి.